వుడీ జాన్సన్ గారూ, ఈసారి కాయని గడ్డిలో పెట్టండి

అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ న్యూయార్క్ జెట్స్ ఓనర్ వుడీ జాన్సన్ గారికి, 2026 జనవరిలో న్యూజెర్సీ ఎడిసన్ నుంచి ఒక తెనాలి వాడు రాసుకుంటున్న బహిరంగ లేఖ.

అయ్యా, నమస్తే. తెలుగులో రాస్తున్నానని ఏమీ అనుకోకండి. ఇంగ్లీషులో ఇప్పటికి ఎంతమంది రాశారో, వాటిని చదివి మీరు ఉద్ధరించిందేముంది గనక. ఇదైతే కనీసం మా ఆకుపచ్చ చొక్కాల తెలుగు బ్యాచ్ అన్నా చదువుకుంటుంది, కడుపులో ఉన్నది కక్కేసినట్టూ ఉంటుంది.

మా అబ్బాయి 2011 జనవరిలో పుట్టాడు. ఆ వారంలోనే మనం పిట్స్‌బర్గ్‌లో స్టీలర్స్ చేతిలో 24-19తో ఓడాం, లీగ్ ఫైనల్ సూపర్ బౌల్‌కి ఒక్క మెట్టు కింద. హాస్పిటల్ గదిలో గోడకున్న టీవీలో సౌండ్ తీసేసి చూశా, ఒక చేతిలో పిల్లాడు ఇంకో చేతిలో రిమోటు, పక్కనుంచి మా అత్తగారేమో ఈ బండోళ్ళెవరు బాబూ అస్తమానం ఒకళ్ళ మీద ఒకళ్ళు పడతారు అని. పోన్లే వచ్చే ఏడు కొడతాం అనుకున్నా. వాడికిప్పుడు పదిహేను నిండుతున్నాయి, నూనూగు మీసాలొచ్చాయి, పైఏడు కారు పర్మిట్ కావాలంటాడు, మనం మాత్రం మళ్ళీ ప్లేఆఫ్స్, అంటే చివరి నాకౌట్ మ్యాచుల గడప తొక్కలేదు. లీగ్ మొత్తంలో ఇంత పొడుగు కరువు ఇంకో టీమ్‌కి లేదు. పోనీ ఆ ఏడన్నా ఇంట్లో ఆడామా అంటే అదీ లేదు, ఇండియనాపోలిస్‌లో గెలిచాం, న్యూ ఇంగ్లండ్‌లో గెలిచాం, పిట్స్‌బర్గ్‌లో ఓడాం, అన్నీ పొరుగూళ్ళే. అంటే 2010లో తెరిచిన మెట్‌లైఫ్ స్టేడియంలో జెట్స్ సొంత ప్లేఆఫ్ మ్యాచ్ ఇప్పటిదాకా ఒక్కటీ జరగలేదు. 2026 జూలైలో అక్కడే సాకర్ ప్రపంచకప్ ఫైనల్ పెడుతున్నారు, వాళ్ళకోసం నిజం పచ్చిక పరుస్తారంట, మన వాళ్ళకేమో ఎప్పుడూ ప్లాస్టిక్ గడ్డే. సరే అది ఇంకో ఉత్తరం అవుద్ది.

మొన్నటితో 2025 సీజన్ అయిపోయింది, పదిహేడింట్లో మూడు గెలిచి పద్నాలుగు ఓడాం. సెప్టెంబర్ 7న మొదటి మ్యాచ్‌కే, మీరు వద్దని పంపించేసిన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ ఆట నడిపేవాడు) ఆరన్ రాడ్జర్స్ స్టీలర్స్ చొక్కా తొడుక్కుని మనింటికే వచ్చి నాలుగు టచ్‌డౌన్లు విసిరి 34-32తో గెలిచి చక్కా పోయాడు. అక్కడ మొదలెట్టి వరసగా ఏడు ఓడాం. అందులో లండన్ మ్యాచ్ ఒకటి, మాకు ఆదివారం పొద్దున్న తొమ్మిదిన్నరకి, ఉప్మా ప్లేట్లు ముందు పెట్టుకుని కూర్చున్నాం. డెన్వర్ వాళ్ళు మన కొత్త క్వార్టర్‌బ్యాక్ జస్టిన్ ఫీల్డ్స్‌ని తొమ్మిది సార్లు పడేశారు, పాసుల మీద వచ్చిన గజాల్లోంచి ఆ పడేసినప్పుడు వెనక్కి పోయినవి తీసేస్తే మొత్తం మైనస్ 10 తేలింది. మైనస్ అండీ. పాసులే వెయ్యకుండా చేతులు కట్టుకుని నిలబడినా సున్నా వచ్చేది కదా అన్నాడు మా వాడు. నాకు ఉప్మా దిగలేదు.

ఆ తర్వాత వారం కరోలినా మీద సగంలో ఫీల్డ్స్‌ని పక్కన కూర్చోబెట్టారు. ఇంకో రెండు రోజులకి ఓనర్ల మీటింగ్ దగ్గర మీరు మైకులముందు నిలబడి, కోచ్‌ని వెనకేసుకొస్తూ, ఇలాంటి రేటింగ్ ఉన్న క్వార్టర్‌బ్యాక్‌ని పెట్టుకుంటే కష్టమే మరి అన్న అర్థం వచ్చేలా మాట్లాడారు. ఆ పిల్లాడికి రెండేళ్ళకి నలభై మిలియన్ల కాంట్రాక్టు ఇచ్చింది మీ ఆఫీసే కదా సార్. ఇంటి పెద్ద వీధిలో నిలబడి కొడుకు మార్కులు చదవడం ఎక్కడన్నా ఉంటుందా? ఆ వారంలో బట్టల అల్మారాలో నేల మీద కూర్చుని ఏడ్చానని ఫీల్డ్సే తర్వాత చెప్పుకున్నాడు, చెప్పుకున్నది కూడా ఎప్పుడంటే సిన్సినాటీ మీద 39-38తో మొదటి గెలుపు తెచ్చిపెట్టాక. అయినా నవంబర్ మధ్యలో మళ్ళీ బెంచి. తర్వాత టైరాడ్ టేలర్, ఆ తర్వాత డ్రాఫ్ట్‌లో (కాలేజీ కుర్రాళ్ళని టీములు వరసగా ఎంచుకునే చోట) ఎవరూ తీసుకోని కొత్త కుర్రాడు బ్రేడీ కుక్. ఒక్క సీజన్‌లో ముగ్గురు డ్రైవర్లు, బస్సు మాత్రం అదే గుంటలో.

ఇంకో మాట, మన ఓటమంతా క్వార్టర్‌బ్యాక్ మీదే వేసేవాళ్ళు ఇది కూడా వినాలి. పదిహేడు మ్యాచుల్లో మన డిఫెన్స్ ఒక్క ఇంటర్‌సెప్షన్ కూడా పట్టలేదు. అవతలోడు విసిరిన బంతి సీజన్ మొత్తంలో ఒక్కసారి కూడా మన చేతిలో పడలేదు, లీగ్ చరిత్రలో ఏ టీమూ ఇలా సున్నాతో సీజన్ ముగించలేదు. దానికి ఫీల్డ్స్ ఏం చేస్తాడు?

మా ఇంట్లో ఒక బీరువా ఉంది, కింద అరంతా మన పాత క్వార్టర్‌బ్యాక్‌ల జెర్సీలే. శాంచెజ్ 6, జీనో స్మిత్ 7, డార్నాల్డ్ 14, జాక్ విల్సన్ 2, రాడ్జర్స్ 8. ఫీల్డ్స్‌ది కొనలేదు, ఆయనదీ 7 నంబరే కాబట్టి పాత జీనోదే వేసుకో అని మా వాడికి చెప్పా. ఆ అర తెరిస్తే చాలు, ఈ పదహారేళ్ళలో మీరేం చేశారో కనపడుద్ది. శాంచెజ్‌ని జనం దేనికి గుర్తు పెట్టుకున్నారు? 2012 థాంక్స్‌గివింగ్ రాత్రి ముందు వరసలో కాపలా నిలబడే సొంత లైన్‌మన్ వెనక భాగానికి గుద్దుకుని బంతి వదిలేసినందుకు. మొదటి రెండు సీజన్లలోనూ టీమ్‌ని సూపర్ బౌల్‌కి ఒక్క మెట్టు దాకా తీసుకెళ్ళాడన్న సంగతి ఎవడికీ గుర్తులేదు. జీనోకి 2015లో లాకర్ రూములో తోటి ప్లేయరే ఆరొందల డాలర్ల గొడవలో దవడ విరగ్గొట్టాడు, తర్వాత అదే జీనో సియాటిల్‌లో 2022లో కంబ్యాక్ ప్లేయర్ అవార్డు తెచ్చుకున్నాడు. 2016లో డ్రాఫ్ట్ రెండో రౌండులో తెచ్చిన హ్యాకెన్‌బర్గ్ అయితే సీజన్‌లో ఒక్క స్నాప్ (బంతి అందుకుని ఆడే ఒక్క ఎత్తు) కూడా ఆడకుండానే పోయాడు, ఆయన జెర్సీ కొననందుకు నన్ను నేను ఇప్పటికీ మెచ్చుకుంటా.

డార్నాల్డ్ సంగతి మాత్రం గుండెల్లో గుచ్చుకునే సంగతి. 2018 డ్రాఫ్ట్‌లో మూడో నంబరు కోసం మూడు సెకండ్ రౌండ్ పిక్కులు (ఎంచుకునే ఛాన్సులు) పోసి తెచ్చారు, కుర్రాడికి ఇరవై ఒకటి, మొదటి మ్యాచ్ నుంచే దింపారు, మరుసటేడు కోచ్‌ని మార్చి ఆడం గేస్ చేతిలో పెట్టారు. 2019 అక్టోబర్‌లో పేట్రియాట్స్ మీద 33-0 రాత్రి ఆ పిల్లాడు బెంచి మీద కూర్చుని నాకు దయ్యాలు కనపడుతున్నాయి అన్నాడు, మైకు పట్టేసింది, ఊరంతా నవ్వింది, నేనూ నవ్వా, అబద్ధమెందుకు. మూడేళ్ళకి కరోలినాకి తోలేశారు. మా ఆవిడ ఆ 14 నంబరు జెర్సీని కారు తుడిచే గుడ్డ చేసింది, నేనేమీ అనలా. ఇప్పుడు చూస్తే 2024లో మిన్నెసోటాలో 14 గెలుపులు, 2025లో సియాటిల్‌లో మళ్ళీ 14. మనిషి అదే, చెయ్యీ అదే. ఇంకా తమాషా ఏంటంటే 2024 అక్టోబర్‌లో లండన్‌లో మనల్ని 23-17తో ఓడించింది ఆయన టీమే, ఆ మ్యాచ్ అయిన రెండు రోజులకి మీరు కోచ్ సాలేని పీకేశారు. అప్పటికి సీజన్ ఐదు మ్యాచులే అయింది, రెండు గెలిచి మూడు ఓడాం. సాలే పోయాక మిగతా పన్నెండులో మూడే గెలిచాం.

మా అమ్మమ్మ వాళ్ళింట్లో మామిడికాయలు దిగితే పడమటింటి మూల వరిగడ్డి పరిచి, కాయకి కాయ తగలకుండా పేర్చి, పైన మళ్ళీ గడ్డి కప్పేది. రెండ్రోజులకోసారి చెయ్యి లోపల పెట్టి ఒక్కోటీ తిప్పి చూసేది, ముక్కు దగ్గర పెట్టుకుని ఇంకా కాలేదు అని మళ్ళీ లోపల పెట్టేది. మేం దొంగతనంగా గడ్డి తీస్తే వీపు మోగేది. బజార్లో కాయలు అట్లా కాదు, కార్బైడ్ పొట్లం పడేస్తే రాత్రికి రాత్రే పసుపు, కోస్తే లోపల తెల్లగా పులుపు, టెంక దగ్గర పచ్చి. సార్, మీరు 2009 నుంచి చేస్తున్నది కార్బైడ్ యాపారం. కాయ మంచిదే తెస్తారు, తెచ్చిన రోజే కోస్తారు, పుల్లగా ఉంటే కాయ మీద ఉమ్మేసి పారేస్తారు, పక్కింటోడు దాన్ని ఏరుకుని గడ్డిలో పెట్టుకుని సుబ్బరంగా తింటున్నాడు.

గ్రీన్‌బే వాళ్ళని చూడండి. రాడ్జర్స్‌ని 2005లో తీసుకుని మూడేళ్ళు అప్పటి క్వార్టర్‌బ్యాక్ ఫావ్రే వెనక కూర్చోబెట్టారు. వాడు మాగాక ముసలి ఫావ్రేని 2008లో ఎవరికి అమ్మారు? మనకే. జోర్డన్ లవ్‌ని 2020లో తీసుకుని మళ్ళీ మూడేళ్ళు రాడ్జర్స్ వెనక కూర్చోబెట్టారు, అది మాగాక ముసలి రాడ్జర్స్‌ని 2023లో ఎవరికి అమ్మారు? మళ్ళీ మనకే! వాళ్ళ గడ్డి ఖాళీ అయినప్పుడల్లా అడుగున ఉన్న పండు మనం కొంటున్నాం. ఆ 2023 సెప్టెంబర్ 11 రాత్రి నేనూ మా వాడూ మా బావమరిదీ స్టేడియంలో పై అంతస్తులో ఉన్నాం. జెండా పట్టుకుని రాడ్జర్స్ పరిగెత్తుకుంటూ వచ్చాడు, నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి, మా బావమరిది ఇప్పుడే వస్తా అని హాట్ డాగుల లైనుకి పోయాడు. నాలుగో స్నాప్. పడ్డాడు, లేచి నిలబడ్డాడు, చుట్టూ చూశాడు, నింపాదిగా మళ్ళీ నేల మీద కూర్చున్నాడు. మడమ వెనక అకిలీస్ టెండన్ తెగిపోయింది. మా బావమరిది మూడు హాట్ డాగులు పట్టుకుని వచ్చి ఏంటి అందరూ ఇట్లా ఉన్నారు అన్నాడు. సీజన్ మొత్తానికి రాడ్జర్స్ ఆడిన నాలుగు స్నాపుల్ని అతను చూడనేలేదు. ఆ రాత్రి ఓవర్‌టైమ్‌లో 22-16తో గెలిచాం, ఇంటికెళ్ళేటప్పుడు ట్రైన్‌లో సెకాకస్ దాకా ఒక్కడూ నవ్వలేదు.

ఇప్పుడు 2026 ఏప్రిల్‌లో డ్రాఫ్ట్, మనది రెండో నంబరు. బ్రిడ్జ్‌వాటర్ గుడి క్యాంటీన్లో మొన్న ఆదివారం ఇదే పంచాయితీ, దోశలు చల్లారిపోయినా ఎవడూ లేవడు. మా తోడల్లుడిది ఒకటే పాట, కోచ్ ఆరన్ గ్లెన్‌ని ముందు తీసెయ్యాలి. డెక్కన్ చార్జర్స్ గుర్తులేదా, 2008లో అట్టడుగు, కెప్టెన్ని మార్చారు కోచ్‌ని మార్చారు, 2009లో కప్పు కొట్టారు అంటాడు. బాగానే ఉంది, కానీ ఆ కొత్త కెప్టెన్ గిల్‌క్రిస్ట్, అప్పటికే పండి ఆస్ట్రేలియా తరఫున రిటైరయిన మనిషి, పైగా ముందేడు కూడా అదే టీమ్‌లో ఉన్నాడు. ఇరవై ఏళ్ళ కుర్రాడికీ ఆయనకీ పోలికేంటి బావా అంటే, అయితే మనకీ గిల్‌క్రిస్ట్‌ని తెమ్మను అంటాడు. అదే కదా రాడ్జర్స్‌తో చేసింది!

మా బావమరిది ఇంకో పార్టీ. ఇండియానా కుర్రాడు మెండోజా, కాలేజీ ఫుట్‌బాల్‌లో పెద్ద అవార్డు హైస్‌మన్ కొట్టినోడు, వాణ్ణి ఎట్లాగూ ముందే రెయిడర్స్ ఎత్తుకుపోతారు, కాబట్టి ఆరెగన్ కుర్రాడు డాంటే మూర్‌ని తీసుకుని మొదటి రోజే దింపాలన్నాడు. అదే మూర్ కథ చూడండి సార్. 2023లో యూసీఎల్‌ఏలో చేరగానే ఆడించారు, దెబ్బతిన్నాడు, ఆరెగన్‌కి పోయి 2024 అంతా డిలన్ గేబ్రియల్ వెనక బెంచి మీద కూర్చున్నాడు, 2025లో ఇట్లా ఆడాడు. కాలేజీ వాళ్ళకి తెలిసింది మనకి తెలీదా?

నిజం చెప్పాలంటే గ్లెన్‌ని తిట్టినవాళ్ళలో నేనూ ఉన్నా. డిసెంబర్ 14న జాక్సన్‌విల్ మీద 48-20 పడ్డ రోజు టీవీ ముందు లేచి నిలబడి మరీ తిట్టా. ఆ రోజు ట్రెవర్ లారెన్స్ ఐదు టచ్‌డౌన్లు విసిరాడు, 2020లో పదమూడు ఓడి, అట్టడుగు టీమ్‌కొచ్చే మొదటి పిక్కుతో వాడు దాదాపు మన చేతికొచ్చేసిన టైములో ఎవరూ అడక్కుండా రామ్స్ మీద గెలిచి పోగొట్టుకున్న ఆ లారెన్సే. తిట్టు రాకుండా ఎట్లా ఉంటుంది. కానీ పొద్దున్న లేచి కాఫీ తాగుతూ డెట్రాయిట్ గుర్తు తెచ్చుకున్నా. అక్కడ డాన్ క్యాంప్‌బెల్ మొదటేడు 2021లో మూడే గెలిచాడు, మనలాగే. రెండో ఏడు ఒకటి గెలిచి ఐదు ఓడాడు. అప్పుడు అక్టోబర్‌లో వాళ్ళ ఓనరమ్మ షీలా హ్యాంప్ మైకుల ముందుకొచ్చింది, వచ్చి ఏమందంటే మేం వీళ్ళని నమ్ముతున్నాం, ఓపిక పట్టండి అంది. ఆ సీజన్ 9-8తో ముగించారు, మరుసటేడు సూపర్ బౌల్‌కి ఒక్క మెట్టు కింద దాకా వెళ్ళారు, అదీ రామ్స్ వద్దనుకున్న జారెడ్ గాఫ్ అనే క్వార్టర్‌బ్యాక్‌తో. 2021 నుంచి నాలుగేళ్ళూ వాళ్ళ డిఫెన్స్ కోచ్ ఎవరు? మన గ్లెన్నే. 1994లో మన టీమ్ డ్రాఫ్ట్ చేసుకున్న కుర్రాడు, ఎనిమిదేళ్ళు మన పచ్చచొక్కాలో ఆడినోడు, ఓపిక ఎట్లా పనిచేస్తదో దగ్గరుండి చూసొచ్చినోడు. రెండు అక్టోబర్లు, ఇద్దరు ఓనర్లు, రెండు మైకులు. ఆమె మాటా మీ మాటా పక్కపక్కన పెట్టుకుని ఒకసారి మీరే వినండి.

మీ టీమూ మీ డబ్బూ, కాదన్ను. 2000లో 635 మిలియన్లు పోసి కొన్నారు. కానీ ఆటగాళ్ళ సంఘం 2025లో పెట్టిన సర్వేలో ఓనర్‌గా మీకు ఎఫ్ వేసింది మీ సొంత ప్లేయర్లే కదా, బయటోళ్ళు కాదు కదా.

నేనడిగేది పెద్దదేం కాదు. గ్లెన్‌ని ఈ ఏడూ వచ్చే ఏడూ కదిలించొద్దు, అక్టోబర్‌లో అసలే వద్దు. రెండో నంబరుకి క్వార్టర్‌బ్యాక్ నచ్చకపోతే తీసుకోవద్దు, జనం అరుస్తారు, అరవనీండి, నేనూ అరుస్తానేమో, పట్టించుకోవద్దు. డిఫెన్స్‌లో మన స్టార్లు సాస్ గార్డ్‌నర్‌నీ క్విన్నెన్ విలియమ్స్‌నీ నవంబర్‌లో ఒకే రోజు అమ్మేసినప్పుడు మా వాడు అన్నం మానేశాడు గానీ, దానివల్ల 2027లో మొదటి రౌండు పిక్కులు మూడు మన చేతిలో ఉన్నాయి, తొందరేముంది. ఫాషాను, మెంబూ అని రెండేళ్ళలో ఇద్దరు పెద్ద లైన్‌మన్లని తెచ్చారు, అది మాత్రం మంచి పని, ఒప్పుకుంటా, ముందు ఆ గోడ కట్టండి. ఒకవేళ కుర్రాణ్ణి తీసుకున్నారే అనుకోండి, టేలర్ లాంటి ముదురు మనిషిని ముందు నిలబెట్టి వాణ్ణి ఏడాది పాటు క్లిప్‌బోర్డుతో బెంచి మీద కూర్చోబెట్టండి. మూడో వారానికే పైనుంచి మా అంతస్తు వాళ్ళం వాడి పేరు పెట్టి అరుస్తాం, దింపండి దింపండి అని. అప్పుడు మీరు మా అమ్మమ్మలాగా వీపు మోగించాలి గానీ గడ్డి తియ్యకూడదు. ఇక మైకు మీ మొహం ముందు పెడితే మాత్రం దండం పెట్టి ముందుకెళ్ళిపోండి.

కొత్తోడొస్తే జెర్సీ కొంటావా నాన్నా అని మా వాడు అప్పుడే మొదలెట్టాడు. 2027లో కొంటా అన్నా. అప్పటిదాకా ఏం వేసుకోను అంటే, కారు డిక్కీలోంచి ఆ డార్నాల్డ్ గుడ్డ తీసి, మా ఆవిడ చూడకుండా రెండు సార్లు వాషింగ్ మెషీన్లో తిప్పా. 14 నంబరు బాగానే ఉంది, కుడి చేతి మీద గ్రీజు మరక మాత్రం పోలేదు. వాడికి ఇప్పుడు సరిగ్గా సరిపోయింది.

ఇట్లు,
మెట్‌లైఫ్ పై అంతస్తు నుంచి అరిచే ఒక ఎడిసన్ నాన్న